ఇన్ని పూతల కింద ఏ గుర్రం? పాత కొయ్య రాట్నాలను బాగుచేయడంలో ఉన్న చిక్కు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ తిరునాళ్ళకు వెళ్ళినా రంగులరాట్నం ఉంటుంది. ఇప్పుడవి ఎక్కువగా ఇనప చట్రానికి ఫైబర్ గుర్రాలు తగిలించినవే. పండగ అయిపోగానే విప్పి లారీకెక్కిస్తారు. గుర్రం చెవి విరిగితే ఇంకో గుర్రం తెస్తారు, దాని గురించి ఎవరూ దిగులుపడరు. అమెరికాలో మాత్రం నూరేళ్ళ కిందట ఉలితో చెక్కిన కొయ్య గుర్రాల రాట్నాలు కొన్ని ఇప్పటికీ పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. వాటిలో కొన్నిటిని బాగుచేయడానికి 20 ఏళ్ళ దాకా పట్టింది. పిల్లలు ఎక్కే రాట్నానికి అంత కాలం, అంత ఖర్చు ఎందుకని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్న వెంట పోతే మన గుళ్ళలో బ్రహ్మోత్సవాలకు బయటికి తీసే అశ్వ వాహనం దగ్గరికి వచ్చి ఆగుతాం. అది కూడా చెక్కిన కొయ్య గుర్రమే, దానికీ పూత మీద పూత పడుతూనే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. చెక్క పని కష్టమైనదే, కానీ దాన్ని ఎలా చేయాలో పనివాళ్ళకు తెలుసు. అసలు చిక్కంతా రంగు దగ్గర వస్తుంది. ఆ గుర్రం ఇన్నేళ్ళు బతికింది కదా, దాన్ని ఏ ఏటి రూపానికి తీసుకెళ్ళాలి? దీనికి ముగ్గురు మూడు జవాబులు చెప్పారు. ఆ మూడూ వింటేగానీ మన వాహనాల గురించి మాట్లాడలేం.

ముందు ఈ రాట్నాల పుట్టుక గురించి కొంచెం. గుస్తావ్ డెంట్జెల్ అనే జర్మన్ వలసదారు 1867లో ఫిలడెల్ఫియాలో రాట్నాల తయారీ మొదలుపెట్టాడు. చార్లెస్ లూఫ్ 1876లో న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో తన మొదటి రాట్నం నిలబెట్టాడు. 1904లో ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీ వచ్చింది. చెక్కినవాళ్ళలో చాలామంది యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళే. ఫిలడెల్ఫియా పనివాళ్ళు గుర్రాన్ని నిజం గుర్రంలా, కండరాలు కనబడేలా చెక్కారు. కోనీ ఐలాండ్ వాళ్ళు ఎగిరే జూలు, బంగారు రేకు, గాజు రాళ్ళతో ముస్తాబు చేశారు. ఊరూరా తిప్పే సంతల కోసం చేసినవి మాత్రం సాదాగా, ఎక్కించి దించడానికి వీలుగా ఉండేవి. 1929 తర్వాతి ఆర్థిక మాంద్యంతో ఈ పని దాదాపు ఆగిపోయింది. తర్వాత అల్యూమినియం గుర్రాలు, ఆ వెనకే ఫైబర్ గుర్రాలు వచ్చాయి. వేలల్లో తయారైన కొయ్య రాట్నాల్లో ఈరోజు నడుస్తున్నవి చాలా కొద్ది.

ఇక గుర్రం. చూస్తే ఒకే దుంగలోంచి తీసినట్టు ఉంటుంది గానీ, అలా తీస్తే అది బతకదు. లావు దుంగ ఆరేకొద్దీ బయటి భాగం ముందు కుంచించుకుంటుంది, లోపలిది ఆలస్యంగా ఆరుతుంది, దాంతో చెక్క పగులుతుంది. అందుకే పలకలను అంటించి లోపల ఖాళీగా ఉండే పెట్టె కట్టి, దాన్నే పొట్టగా చెక్కారు. తల, మెడ, కాళ్ళు విడిగా చేసి తర్వాత అతికించారు. కాలు విడిగా చేయడానికి ఇంకో కారణం ఉంది. చెక్క పోగు నిలువుగా కాలి వెంట నడిస్తేనే కాలికి బలం. పోగు అడ్డం పడితే చిన్న దెబ్బకే పుటుక్కున విరుగుతుంది. ఎక్కువగా వాడింది బాస్‌వుడ్. అది మెత్తగా, పోగు సమంగా ఉండే కర్ర కాబట్టి ఉలికి ఎటు తిప్పినా లొంగుతుంది. మన ఉదయగిరిలో చెంచాలు, గరిటెలు చెక్కేవాళ్ళు నర్ది, బిక్కి, కల్ది, దేవదారు వంటి కర్రలు ఏరుకునేది కూడా పనికి తగ్గ గుణం చూసే. ఏ వస్తువుకు ఏ కర్ర అన్నది అక్కడ చిన్న పిల్లలకు కూడా చూపుతోనే అబ్బే విద్య.

అతుకులకు అప్పట్లో వాడింది జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన బంక. మన పాత వడ్రంగులు వజ్రం అనేది ఇలాంటిదే. దీనికో మంచి గుణం ఉంది. వేడి నీళ్ళు, ఆవిరి తగిలితే అతుకు వదులవుతుంది. అంటే నూరేళ్ళ తర్వాత ఇంకొకరు ఆ కాలిని చెక్క చీలకుండా ఊడదీసి, శుభ్రం చేసి, మళ్ళీ అతికించవచ్చు. తర్వాతి కాలంలో వచ్చిన మరమ్మతుల్లో మేకులు, ఇనప పట్టీలు, కారులకు వాడే పుట్టీ కనబడతాయి. మేకు తుప్పు పట్టి చుట్టూ చెక్కను తినేస్తుంది. పుట్టీ గట్టిగా బిగుసుకుపోతుంది, కానీ చెక్క తేమకు ఉబ్బుతూ ఎండకు కుంచించుకుంటూ ఉంటుంది. ఒకటి కదులుతుంది, ఇంకొకటి కదలదు, కాబట్టి అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. బాగుచేసేవాళ్ళకు ఎక్కువ పని పెట్టేది కాలం కన్నా ఈ పాత మరమ్మతులే. సముద్రం గాలి, కార్తీక మాసపు ముసురు, తర్వాత మండే ఎండ చూసే మన కోస్తా ఊళ్ళలో చెక్క ఇంకా ఎక్కువ కదులుతుంది. ఆ పైన చెదలు, పుచ్చు ఎలాగూ ఉన్నాయి.

గుర్రం ఊరికే నిలబడి ఉండదన్న సంగతి కూడా మర్చిపోకూడదు. రాట్నం అడ్డం 15 మీటర్లు, నిమిషానికి 5 చుట్లు అనుకుందాం. బయటి వరస గుర్రం గంటకు దాదాపు 14 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో 30 కిలోల పిల్లాడిని బయటి వైపుకు తోసే బలం ఆరు కిలోల బరువంత ఉంటుంది. ఆ తోపుకు పిల్లాడు గుర్రం మెడ పట్టుకుంటాడు, కాలితో కడుపును నొక్కుతాడు. ఎక్కేటప్పుడు గుర్రం కాలి మీదో తోక మీదో అడుగు వేస్తాడు. రోజంతా, ఏళ్ళ తరబడి ఇదే. పైకీ కిందికీ ఊగే గుర్రాలను పట్టుకున్నది వాటి నడుమ దూసిన లోహపు కడ్డీ. అది పైన ఒక వంకర ఇరుసుకు వేలాడుతుంది. మధ్య స్తంభం దగ్గర కదలకుండా ఉన్న పెద్ద పళ్ళచక్రం మీద ఆ ఇరుసు చివరి చిన్న చక్రం దొర్లుతుంది. రాట్నం తిరిగేకొద్దీ ఇరుసు తిరుగుతుంది, గుర్రం ఎగురుతుంది. ఈ ఇనప పనిలో అరిగిన చక్రాలు, బేరింగులు మార్చడానికి ఎవరూ పెద్దగా తటపటాయించరు, తటపటాయించకూడదు కూడా. పిల్లలు ఎక్కే యంత్రంలో భద్రత ముందు, చరిత్ర తర్వాత.

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. పార్కులు నడిచిన రోజుల్లో చలికాలంలో జనం ఉండరు కాబట్టి, అప్పుడే గుర్రాలకు కొత్త రంగు కొట్టేవాళ్ళు. కొట్టేవాడు మొదటి చిత్రకారుడు కాదు, పార్కులో పని చేసే మనిషి. జీను మీద పూల లత ఉంటే దాని మీదుగా ఒకే రంగు లాగేసేవాడు. ఏటా సంక్రాంతికి సున్నం కొట్టిన మట్టి గోడలాగా ఆ గుర్రాల మీద 20కి పైగా పూతలు పేరుకున్నాయి. చెక్కిన కంటి రెప్ప, కళ్ళెం మీది కుట్టు గీతలు అన్నీ ఆ మందంలో పూడిపోయాయి.

వెంటనే తట్టే ఆలోచన మొత్తం గీకెయ్యమని. 1970లలో, 80లలో పాత సామాన్లు కొని అమ్మేవాళ్ళు చేసింది అదే. గుర్రాన్ని కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి తీసేవాళ్ళు. రంగు పోయేది. దాంతో పాటు అతుకుల బంక కరిగేది, చెక్క పోగులు లేచేవి. గుర్రం పుట్టినప్పుడు ఏ రంగులో ఉందో చెప్పే ఆధారం కూడా ఆ తొట్టిలోనే పోయేది. ఉప్పుకాగితంతో రుద్దితే ఉలి అంచులు మొద్దుబారతాయి. చెక్కినవాడి చేతి గుర్తు ఉండేది ఆ అంచుల్లోనే.

జాగ్రత్తగా చేసేవాళ్ళ పద్ధతి వేరు. ముందు రంగును చదువుతారు. ఆవగింజంత ముక్క తీసి, రెజిన్‌లో పోతపోసి, అడ్డంగా కోసి నున్నగా చేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. పూతలన్నీ ఒకదాని కింద ఒకటి కనబడతాయి. రెండు పూతల మధ్య సన్నటి నల్ల గీత ఉంటే అది దుమ్ము, పొగ. అంటే ఆ కింది పూత కొన్నాళ్ళు బయటి ప్రపంచాన్ని చూసింది, గుర్రం ఆ రంగులో తిరిగింది. గీత లేకపోతే అది పై రంగు కోసం వేసిన అస్తరు మాత్రమే. నాకు ఈ మొత్తం విద్యలో అన్నిటికన్నా అందంగా తోచేది ఈ దుమ్ము గీతే. అందరూ తుడిచేసే దుమ్ము ఇక్కడ సాక్ష్యం చెప్తుంది.

ఇంత చదివినా సందేహం తీరదు. మొదటి పూత దొరికింది, ఆకుపచ్చగా ఉంది. అది నిజంగా ఆకుపచ్చేనా? పైన పూసిన వార్నిష్ కాలంతో పసుపెక్కుతుంది. నీలం మీద పసుపు వార్నిష్ పడితే ఆకుపచ్చగా కనబడుతుంది. గులాబీ రంగు వెలుతురుకు వెలిసిపోయి ఉండవచ్చు. వెండి రేకు మీద రంగు వార్నిష్ వేసి ఉంటే, వార్నిష్ పోయాక ఆ రంగు కూడా పోతుంది. కాబట్టి కింద కనబడిన రంగును అచ్చంగా దించితే, మనం గుర్రం ముసలితనాన్ని దాని బాల్యం అనుకుని గీసినట్టే. పాత కట్టడాల సంరక్షణ కోసం 1964లో రాసుకున్న వెనిస్ ఒప్పందంలో ఒక మాట ఉంది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. కట్టడానికి అది సరిపోతుంది. పిల్లలు ఎక్కాల్సిన గుర్రాన్ని సగం రంగుతో వదిలేయలేం కదా. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తేల్చుకోవాలి.

ఆ తేల్చుకున్న మూడు జవాబులు ఇవీ.

కొలరాడో రాష్ట్రంలో బర్లింగ్టన్ అనే చిన్న ఊరు. అక్కడి కిట్ కార్సన్ కౌంటీ రాట్నం 1905లో ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీ చేసింది. మొదట డెన్వర్‌లోని ఎలిచ్ గార్డెన్స్‌లో ఉండేది. 1928లో కౌంటీ వాళ్ళు 1,250 డాలర్లకు కొన్నారు. ప్రజల డబ్బు రాట్నం మీద పెట్టారని వాళ్ళ మీద విమర్శలు వచ్చాయి. మాంద్యం రోజుల్లో రాట్నాన్ని మూసేసి ఆ కట్టడంలో దాణా నిల్వ చేశారు, ఎలుకలు చేరాయి. ఇంత పేదరికమే దాన్ని కాపాడింది. ఏటేటా రంగు కొట్టించే డబ్బూ లేదు, అవసరమూ లేదు. చాలాకాలం ఆ ఊరి సంత రోజుల్లోనే అది తిరిగింది. తర్వాత వచ్చిన సంరక్షకులు నల్లబడిన వార్నిష్‌ను, అక్కడక్కడ పడ్డ పై పూతలను ఓపికగా తీశారు, మొదటి రంగును అలాగే ఉంచారు. అక్కడి 46 జంతువులు, మధ్య స్తంభం చుట్టూ ఉన్న 45 తైలవర్ణ చిత్రాలు ఈరోజుకీ మొదటి రంగులోనే ఉన్నాయి. అమెరికాలో ఇలా మిగిలిన పాత రాట్నం ఇదొక్కటే. దాన్ని ఇప్పటికీ తిప్పుతున్నారు. వీళ్ళ జవాబు: ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, పైన చేరిన మురికి తీయండి చాలు.

రెండోది న్యూయార్క్‌లో బ్రూక్లిన్ ఒడ్డున ఉంది. 1922లో అదే కంపెనీ ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ ఊళ్ళో ఐడోరా పార్కు కోసం చేసింది. 1984లో పార్కులో అగ్నిప్రమాదం జరిగింది, పార్కు మూతపడింది, రాట్నం వేలానికి వచ్చింది. అప్పటికి విడి గుర్రాలకు మంచి గిరాకీ ఉంది. ఇళ్ళల్లో అలంకారానికి గుర్రాలను ఒక్కొక్కటిగా అమ్మితే మొత్తం రాట్నం కన్నా ఎక్కువ వస్తుంది. అలా ముక్కలై పోయిన రాట్నాలు ఎన్నో. దీన్ని మాత్రం జేన్, డేవిడ్ వాలెంటస్ దంపతులు 3,85,000 డాలర్లు పెట్టి మొత్తంగా కొన్నారు. జేన్ చిన్న కత్తితో పూతలు గీకుతూ మొదటి రంగుల దాకా వెళ్ళి, వాటిని నమోదు చేసి, అవే రంగులతో కొత్తగా వేయించారు. 48 గుర్రాలు, రెండు రథాలు. 2011లో అది జనానికి తెరుచుకుంది. మరుసటి ఏడు శాండీ తుఫానుకు నది పొంగి రాట్నం చుట్టూ నీళ్ళు నిలిచాయి, గుర్రాలు మాత్రం దక్కాయి. వీళ్ళ జవాబు: మొదటి రోజు ఎలా ఉందో అలా చూపిద్దాం, దానికోసం మధ్య పూతలు పోయినా సరే.

మూడోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మేరీలాండ్‌లోని గ్లెన్ ఎకో పార్కు రాట్నం 1921లో డెంట్జెల్ కార్ఖానాలో తయారైంది. ఆ పార్కులోకి నల్లవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. 1960 జూన్ 30న హోవార్డ్ యూనివర్సిటీ విద్యార్థులు వెళ్ళి ఆ గుర్రాల మీద కూర్చున్నారు. దిగమన్నా దిగలేదు. ఐదుగురిని అరెస్టు చేశారు. బయట నిరసన వేసవంతా సాగింది. 1961లో పార్కు అందరికీ తెరుచుకుంది. 1964లో సుప్రీంకోర్టు ఆ విద్యార్థుల మీది శిక్షలను కొట్టేసింది. పార్కు మూతపడ్డాక 1970లో రాట్నాన్ని అమ్మేస్తే చుట్టుపక్కల జనం 80,000 డాలర్లు చందాలు వేసి తిరిగి కొనుక్కున్నారు. 1983 నుంచి 2003 దాకా ఒక కళాకారిణి దాన్ని మొదటి రూపానికి తెచ్చారు. ఆ పని గొప్పదే. అయినా ఒక్క సంగతి ఆలోచించండి. 1921 నాటి రంగు అంటే, కొందరు పిల్లలు కంచె బయట నిలబడి చూసిన రంగు. ఆ విద్యార్థులు చేత్తో పట్టుకున్నది, పోలీసులు వచ్చినప్పుడు వాళ్ళు ఎక్కి కూర్చున్నది 1960 నాటి పూత. చరిత్ర జరిగింది ఆ పూత మీద. దాన్ని ‘తర్వాతి చెత్త’ అని ఎలా అనగలం? మొదటిదే విలువైనది, మిగతావి మురికి అనే లెక్క ఇక్కడ చెల్లదు. నన్నడిగితే కనీసం ఒక గుర్రం మీద కొంత మేర ఆ పూతను చూపిస్తూ వదలాలి, పక్కన ఆ కథ రాయాలి.

ఇక మన ఊరి సంగతి. నెల్లూరు రంగనాయకుల గుడిలో గానీ, బ్రహ్మోత్సవాలు జరిగే మరే గుడిలో గానీ శేష, హంస, సింహ, గరుడ, గజ, అశ్వ వాహనాలు ఏడాదిలో కొన్ని రోజులే బయటికి వస్తాయి. మిగతా రోజులు వాహన మండపంలో ఉంటాయి. ఉత్సవం ముందు వాటికి ఎనామెల్ పెయింట్ కొట్టించడం చాలా గుళ్ళలో మామూలు. దాతలు ముచ్చటపడి చేయిస్తారు. స్వామి ఎక్కే వాహనం మెరవాలని వాళ్ళ కోరిక. అందులో తప్పు పట్టడానికేం లేదు. అమెరికా మ్యూజియం సూత్రాలు తెచ్చి గుడిలో పెట్టమని నేను అనను. అక్కడ గుర్రం చరిత్ర వస్తువు. ఇక్కడ అది సేవలో ఉన్న వాహనం. కాలు విరిగిన వాహనం మీద స్వామిని వేంచేపు చేయరు. జీర్ణమైనదాన్ని ఉద్ధరించమని ఆగమాలే చెప్తాయి. సగం వెలిసిన రంగును ‘అసలైనది’ అని గుడిలో అలాగే ఉంచడం కుదిరే పని కాదు.

కానీ కొత్త రంగు వేయడానికి పాతదాన్ని మొత్తం తోడెయ్యక్కర్లేదు. కింద ఏముందో చూడకుండా గీకడం ఒకటే నాకు అభ్యంతరం. మన వాహనాల మీద కింది పొరల్లో ఏ చిత్రకారుడు వేసిన జీను అంచు ఉందో, ఏ రంగులు వాడాడో ఎక్కడా రాసి లేదు. ఉన్న ఒకే పుస్తకం ఆ పూతలే. రథాల విషయంలో మనకు గట్టి హెచ్చరికే వచ్చింది. 2020లో మన నెల్లూరు జిల్లాలో కొండబిట్రగుంట ప్రసన్న వెంకటేశ్వరస్వామి రథం కాలిపోయింది. అదే ఏడు అంతర్వేది రథం కాలిపోయింది. అంతర్వేదికి మరుసటి ఏడే కొత్త రథం వచ్చింది. రథాన్ని మళ్ళీ చేసుకోవచ్చు. పాతదాని కొలతలు, బొమ్మల వరస, అతుకుల తీరు ముందే రాసి పెట్టుకోకపోతే వాటిని మళ్ళీ తెచ్చుకోలేం.

చేతిపని తెలిసినవాళ్ళు లేరనే మాట కూడా నేను ఒప్పుకోను. అమెరికాలో మొంటానా రాష్ట్రంలోని మిసూలా ఊరివాళ్ళు మామూలు జనమే. ఉద్యోగాలు చేసుకుంటూ ఉలి పట్టడం నేర్చుకుని, కొత్తగా ఒక కొయ్య రాట్నం చెక్కుకుని 1995లో తెరిచారు. ఒరెగన్‌లోని ఆల్బనీ వాళ్ళు 2017లో అదే చేశారు. మనకు భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి కొయ్య పనే ఉంది. సన్నటి పోగు మీద ఉలి నడిపించే ఆ చేతులకు ఏడాది పొడవునా చెంచాలే చేయమంటున్నాం. వాహనం చెవి, కళ్ళెం, జూలు వంటి నగిషీ మరమ్మతులు స్థపతుల పర్యవేక్షణలో వాళ్ళకు ఇస్తే పని దక్కుతుంది, వాహనం బాగుపడుతుంది.

చేయాల్సిన పనికి పెద్ద ఖర్చు కూడా లేదు. రంగు కొట్టించే ముందు వాహనాన్ని పగటి వెలుతురులో నాలుగు వైపులా, పై నుంచి, అడుగు నుంచి ఫోటోలు తీయాలి. పక్కన కొలబద్ద పెట్టి తీస్తే ఇంకా మంచిది. కొలతలు, చెక్క రకం, పాత మరమ్మతులు ఒక రిజిస్టర్‌లో రాసి ఆలయ కార్యాలయంలో ఒకటి, దేవాదాయ శాఖలో ఒకటి ఉంచాలి. పూతలు చూడాలంటే అరచేయంత చోటు చాలు, అదీ జనానికి కనబడే పక్కన అక్కర్లేదు. రాట్నం గుర్రాలకు బయటికి కనబడే పక్కనే నగిషీ ఎక్కువ. అమెరికా రాట్నాలు ప్రదక్షిణకు ఎదురు దిక్కున తిరుగుతాయి కాబట్టి వాటికి కుడి పక్క, ప్రదక్షిణ దిక్కున తిరిగే ఇంగ్లండు రాట్నాలకు ఎడమ పక్క. మన వాహనం వీధుల్లో ఊరేగుతుంది, రెండు పక్కలా జనం ఉంటారు. కాబట్టి పొట్ట అడుగున గానీ పీఠం లోపలి వైపు గానీ చూడాలి.

గీకే మనిషి ఊపిరితిత్తుల గురించి ఒక మాట. పాత రంగుల్లో సీసం కలిపేవాళ్ళు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన 2016లోనే వచ్చింది. అంతకు ముందు వేసిన పూతను పొడిగా రుద్దితే ఆ దుమ్ము పనివాడి ఒంట్లోకి, అతని బట్టల మీదుగా ఇంట్లో పిల్లల దాకా పోతుంది. తడిపి గీకాలి, మాస్కు కట్టాలి, రాలిన పొడిని ఊడ్చి పారేయకుండా సంచిలో కట్టి వేరుగా పెట్టాలి. దాతలు రంగుకు ఇచ్చే డబ్బులో ఈ మాస్కుల ఖర్చు కూడా కలిపి అడిగితే ఎవరూ కాదనరు.

ఆ తర్వాత ఎప్పటిలాగే కొత్త రంగు వేసుకోవచ్చు. మధ్యలో తేలిగ్గా ఊడి వచ్చే వార్నిష్ పొర ఒకటి వేస్తే, రేపు ఎవరైనా కొత్త పూతను తీసినా కింది పాత పూత చెక్కు చెదరదు. పొట్ట అడుగున తెరిచిన ఆ అరచేయంత చోటును మాత్రం కొత్త రంగుతో మూసేయకుండా వదలాలి. ఏ తేదీన తెరిచారో, ఎన్ని పూతలు కనబడ్డాయో పక్కనే చిన్న అక్షరాల్లో రాయాలి. మళ్ళీ బ్రహ్మోత్సవాలకు రంగు కొట్టడానికి వచ్చే పెయింటరు ముందు అది చదివి, ఆ తర్వాత డబ్బా మూత తీస్తాడు.